చీటీ మీద 1-0-1, డ్యూటీ రాత్రి పదింటికి

నాచారం, మల్లాపూర్, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో షిఫ్టుల్లో పనిచేసే షుగర్ రోగుల మందుల చీటీలు చూస్తే, చాలావాటిలో మాత్ర పేరు పక్కన 1-0-1 అని ఉంటుంది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి. పగలు పనిచేసి రాత్రి పడుకునేవారికి ఇందులో తికమక ఏమీ లేదు. రాత్రి పదింటికి డ్యూటీ ఎక్కి, తెల్లారి ఆరింటికి దిగి, ఇంటికొచ్చి రెండు ఇడ్లీలు తిని పడుకునే మనిషి సంగతేమిటి? ఆయన రోజు మొదలయ్యేది సాయంత్రం. పెద్ద భోజనం రాత్రి ఎనిమిదింటికి. వారం తిరిగి ఫస్ట్ షిఫ్ట్ వచ్చిందంటే ఈ లెక్కంతా మళ్లీ తారుమారు.

ఇక్కడ మాత్ర ఏదన్నది చాలా ముఖ్యం. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర క్లోమ గ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మనం తిన్నామా లేదా అని అది చూడదు. దాన్ని పొద్దున ఏడింటికి వేసుకుని, కొంచెం తిని, మధ్యాహ్నం రెండింటిదాకా నిద్రపోతే రక్తంలో చక్కెర నిద్రలోనే పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు సాధారణంగా ఆ ప్రమాదం లేదు. దాన్ని తిండితోపాటు వేసుకుంటే కడుపులో తిప్పడం, విరేచనాలు తగ్గుతాయి. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ ఒంట్లో చాలా గంటలు నిలిచే మందు కాబట్టి పొద్దునైనా, రాత్రైనా రోజూ ఒకే వేళకు పడితే చాలు. ఒకే చీటీ మీదున్న మూడు మాత్రలకు మూడు స్వభావాలు. 'సార్, నాకు నెలలో రెండు వారాలు నైట్ డ్యూటీ' అని ఒక్క మాట చెబితే డాక్టర్ ఆ చీటీని నిమిషంలో మార్చి రాస్తారు. ఓపీలో రద్దీ ఉంది, ఆయన అడగలేదు. చెప్పాల్సిన విషయం అని తెలియక ఈయన చెప్పలేదు. చికిత్స అక్కడే సగం దారి తప్పింది.

దీర్ఘకాలిక జబ్బులో రోగి చురుగ్గా పాల్గొనాలని వైద్యులు అనేది ఇలాంటి చోట్ల గురించే. నెలకోసారి డాక్టర్ దగ్గర పది నిమిషాలు కూర్చుంటే ఏడాదికి రెండు గంటలు అవుతుంది. ఏడాదిలో ఉన్నవి 8,760 గంటలు. తినడం, పడుకోవడం, బస్సులో నిలబడటం, డ్యూటీలో ఓవర్‌టైం చేయడం, దసరాకు ఊరెళ్లడం, జ్వరం వచ్చి రెండు రోజులు ఏమీ తినకపోవడం, ఇవన్నీ ఆ మిగిలిన గంటల్లోనే జరుగుతాయి. వాటిలో ఏం జరిగిందో తెలిసినవారు ప్రపంచంలో ఒక్కరే. ఆ ఒక్కరి దగ్గరున్న సమాచారం లేకుండా ఎంత గొప్ప డాక్టరైనా సగమే చూసి మందు రాస్తారు.

మన వైద్యం చాలావరకు జ్వరం, గాయం, కాన్పు, ఆపరేషన్ చుట్టూ ఎదిగింది. అక్కడ రోగి పడుకుంటే వైద్యులు పని చేస్తారు, నయమయ్యాక ఇంటికి పంపుతారు. బీపీ, షుగర్, ఆస్తమా, కీళ్లవాతం ఆ పద్ధతికి లొంగవు. 1922లో టొరంటోలో తొలిసారి ఇన్సులిన్ మనిషికి ఎక్కించాక ఈ సంగతి వైద్యులకు బాగా తెలిసొచ్చింది. రోజూ ఇంజెక్షన్ పడాలంటే రోగి ఆస్పత్రిలోనే కాపురం ఉండాలి, లేదంటే ఆ పని నేర్చుకుని ఇంట్లో తానే చేసుకోవాలి. బోస్టన్ వైద్యుడు ఎలియట్ జోస్లిన్ రెండో దారి పట్టి, రోగులకూ వాళ్ల తల్లులకూ పాఠాలు చెప్పించాడు. ఇన్సులిన్ రాకముందే, 1918లో, డాక్టర్లూ రోగులూ ఇద్దరూ చదువుకునేలా ఆయన ఒక చేతిపుస్తకం రాసి ఉన్నాడు.

అమెరికాలోనే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కేట్ లోరిగ్ 1970ల చివర్లో కీళ్లవాతం రోగులకు తరగతులు మొదలుపెట్టారు. ఆరు వారాలు, వారానికి రెండు గంటలు. తర్వాత అవి మిగతా దీర్ఘకాలిక జబ్బులకూ విస్తరించాయి. పాఠం చెప్పేవాళ్లలో అదే జబ్బుతో బతుకుతున్న మామూలు మనుషులు ఉంటారు. ఫలితాలు పరిశీలిస్తే ఆమెకు ఊహించనిది కనిపించింది. ఎక్కువ మేలు పొందింది చెప్పిన వ్యాయామాలన్నీ తుచ తప్పకుండా చేసినవాళ్లని చెప్పలేకపోయారు. 'ఈ జబ్బును నేను సంభాళించుకోగలను' అన్న నమ్మకం పెరిగినవాళ్లకు నొప్పి ఎక్కువగా తగ్గింది. ఇది నాకు చాలా విలువైన విషయంగా తోస్తుంది. ఎందుకంటే మన ఓపీ గదుల్లో రోగికి మొదట అందేది మందలింపు. 'ఇంత షుగర్ పెట్టుకుని ఏం చేస్తున్నవమ్మా?' అన్న ప్రశ్నతో మొదలైన మాటల్లో ఆ నమ్మకం పెరగదు. తర్వాతి నెల ఆమె రిపోర్టు తీసుకురావడం మానేస్తుంది.

బీపీ విషయంలో దీన్ని ఇంకా సూటిగా పరీక్షించారు. బ్రిటన్‌లో 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో రోగులకు బీపీ మిషన్ ఇచ్చి, ఇంట్లో కొలుచుకోమన్నారు. ఎంత దాటితే ఏ మాత్ర పెంచుకోవాలో డాక్టర్‌తో ముందే ఒప్పందం రాసుకున్నారు. ఏడాది తర్వాత చూస్తే, మామూలుగా చికిత్స పొందినవాళ్లకంటే వీళ్ల పై బీపీ సగటున 5.4 పాయింట్లు ఎక్కువగా తగ్గింది. అక్కడ రోగులు సొంత వైద్యం చేసుకోలేదు. గీత గీసింది డాక్టర్. ఆ గీతకు ఇటూ అటూ రోజూ నడిచింది రోగి.

విదేశాల సంగతులు మనకెందుకు అనేవాళ్లు మన ఊరినే చూడొచ్చు. హైదరాబాద్‌లోని థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ 1998లో మొదలైంది. దాన్ని నిలబెట్టినవాళ్లలో ఆ జబ్బున్న పిల్లల తల్లిదండ్రులే ముఖ్యులు. థలసీమియా తీవ్రంగా ఉన్న పిల్లలకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుపోతుంది. మాత్రలు రాకముందు ఆ ఇనుమును బయటికి పంపే మందును చిన్న పంపుతో చర్మం కిందికి, రాత్రంతా, వారంలో ఐదారు రాత్రులు ఎక్కించాల్సి వచ్చేది. ఆ సూది గుచ్చింది నర్సులు కాదు, అమ్మానాన్నలు. పిల్లవాడి ఒంట్లో ఇనుము నిల్వను సూచించే ఫెరిటిన్ ఎంతుందో, పోయినసారి కంటే పెరిగిందో తగ్గిందో వాళ్లు నోటికి చెప్పేవారు. డిగ్రీలున్న ఇళ్లకే పరిమితమైన నేర్పు కాదిది. అవసరమని తెలిసి, ఓపికగా చూపించేవాళ్లుంటే ఎవరైనా నేర్చుకుంటారు.

షుగర్, బీపీలకు ఆ ఓపిక ఎందుకు దొరకడం లేదంటే, ఒక కారణం రోగుల సంఖ్య. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో దేశమంతటా జరిగి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. పెద్దవాళ్లలో వంద మందికి 35 మందికి పైగా బీపీ ఉంది. రెండో కారణం నొప్పి లేకపోవడం. పంటి నొప్పికి రాత్రికి రాత్రి డాక్టర్‌ని వెతుక్కుంటూ వెళ్తాం. 170 బీపీతో మాత్రం ఏళ్ల తరబడి హాయిగా తిరుగుతాం. ధనిక దేశాల్లో సైతం దీర్ఘకాలిక జబ్బులకు రాసిన మందులను సరిగ్గా వాడేవాళ్లు సగటున సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే చెప్పింది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనలేం. 2017లో మొదలైన భారత బీపీ నియంత్రణ కార్యక్రమం తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. 2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానలు వచ్చాయి. అక్కడ బీపీ, షుగర్ చూస్తారు, గోళీలు ఉచితంగా ఇస్తారు. నమూనా అక్కడ తీసుకుని తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబుకు పంపితే రిపోర్టు ఫోనుకు వస్తుంది. ముప్పై దాటినవాళ్లందరినీ ఆశా, ఏఎన్ఎం కార్యకర్తలు ఇంటికొచ్చి పరీక్షించే ఏర్పాటూ ఉంది. ఇదంతా అవసరమే. కానీ ఇది ఎంతవరకు పనిచేస్తుందో చెప్పే ఒక అనుభవం పశ్చిమ గోదావరి జిల్లాలో ఉంది. అక్కడ 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని పల్లెల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లు ఇచ్చి, గుండెజబ్బు ముప్పు ఎక్కువున్నవాళ్లను గుర్తించి డాక్టర్ దగ్గరికి పంపించారు. 2019లో ఫలితాలు వచ్చాయి. జనాన్ని మళ్లీ మళ్లీ కలవడం పెరిగింది, బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల శాతంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గుర్తించడం, పంపించడం అయ్యాక మిగిలే పని ఉంది. మందు ఇంట్లో రోజూ ఒంట్లో పడాలి, సరిపోకపోతే డాక్టర్ పెంచాలి. ఆ రెండిటికీ వంతెన రోగి దగ్గరుండే అంకెల పుస్తకం.

కాబట్టి మొదటి పని కొలవడం, రాయడం. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే మోచేతి పైన పట్టీ కట్టేది మేలు, మణికట్టుది కాదు. మెట్లెక్కి వచ్చిన వెంటనే కొలిస్తే ఆ అంకెకు విలువ లేదు. ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, మాట్లాడకుండా కూర్చోవాలి. అరగంట ముందు నుంచీ చాయ్, సిగరెట్ ఉండకూడదు. చెయ్యి గుండె ఎత్తులో ఆనుకుని ఉండాలి, పట్టీ చొక్కా మీద కాకుండా చర్మం మీద ఉండాలి. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి రెండూ రాసుకోవాలి. ఇంట్లో కొలిచినప్పుడు సగటున 135/85 దాటుతుంటే అది ఎక్కువ కిందే లెక్క. ఆస్పత్రిలో గీత 140/90. రోజంతా పదిసార్లు కొలుచుకుని భయపడటం దీనికి వ్యతిరేకమైన తప్పు. డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు వారం రోజులు, పొద్దున సాయంత్రం కొలిస్తే చాలు. మిషన్ కొనే స్తోమత లేనివాళ్లు వారానికోసారి బస్తీ దవాఖానలో చూపించుకుని అదే నోటుబుక్కులో రాయించుకోవచ్చు.

'మొన్న చూపిస్తే బీపీ నార్మల్ వచ్చింది, గోళీలు ఆపేశా' అనే మాట ఉప్పల్ డిపో ముందు టీ కొట్టు దగ్గర నిలబడితే ఎప్పుడైనా వినిపిస్తుంది. నార్మల్ వచ్చింది ఆ గోళీ వల్లే. ఆపాలన్నా, తగ్గించాలన్నా డాక్టర్‌తో మాట్లాడి చేయాలి. ఇంకోటి, మాత్ర పడక ఆపేసి ఆ సంగతి దాచేవాళ్లు చాలామంది. ఆమ్లోడిపిన్‌తో కొందరికి చీలమండలు వాస్తాయి. ఎనలాప్రిల్ రకం మందులతో కొందరికి పొడి దగ్గు పట్టుకుంటుంది. రెండిటికీ బదులు మందులున్నాయి. చెప్పకుండా ఆపేస్తే డాక్టర్‌కు పుస్తకంలో పెరిగిన బీపీ ఒక్కటే కనిపిస్తుంది, ఆయన ఇంకో మాత్ర కలుపుతారు.

షుగర్‌లో పరగడుపున, తిన్నాక చూసే అంకెలు ఆ పూట సంగతి చెబుతాయి. మూడు నెలల సంగతి చెప్పేది హెచ్‌బీఏ1సీ. ఎర్రరక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అంతకాలం రక్తంలో చక్కెర ఎంతుంటే అంత దాని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. అందుకే పరీక్షకు రెండు రోజుల ముందు అన్నం మానేసి వెళ్లినా ఇది మోసపోదు. చాలామంది పెద్దవాళ్లకు 7 శాతం దరిదాపుల్లో ఉంటే మంచిది, వయసు మళ్లినవాళ్లకు కొంచెం సడలింపు ఇస్తారు. బ్రిటన్‌లో 1998లో వెలువడిన పెద్ద అధ్యయనంలో ఒక జట్టుకు పదేళ్లపాటు సగటున 7.0, ఇంకో జట్టుకు 7.9 ఉంది. అంత కొద్ది తేడాకే కళ్లు, కిడ్నీల వంటి సన్న రక్తనాళాల జబ్బులు పావువంతు తగ్గాయి. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువ కాబట్టి ఒక జాగ్రత్త ఉంది. రక్తహీనత ఉన్నప్పుడు ఈ పరీక్ష తప్పు చెప్పవచ్చు. 'నాకు రక్తం తక్కువ, ఈ అంకెను నమ్మొచ్చా డాక్టర్ గారూ?' అని అడగడం మంచి ప్రశ్న.

షుగర్ డౌన్ అవడం గురించి మిషన్ల మీద పనిచేసేవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. చెమటలు, చేతుల వణుకు, గుండె దడ, ఉన్నట్టుండి ఆకలి, కళ్లు మసకబారడం దాని గుర్తులు. వెంటనే మిషన్ ఆపి కూర్చోవాలి. 70 కంటే తక్కువుంటే, లేదా కొలిచే వీలు లేకపోయినా, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. పావుగంటలో తగ్గకపోతే మళ్లీ తాగి, తర్వాత ఏదైనా తినాలి. వోగ్లిబోస్, అకార్బోస్ అనే మాత్రలు వాడేవాళ్లకు చక్కెర త్వరగా పనిచేయదు, ఆ మాత్రలు చక్కెర అరగడాన్నే ఆపుతాయి కాబట్టి. వాళ్ల జేబులో గ్లూకోజు పొడి ఉండాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. పక్క మిషన్ మీద పనిచేసే అన్నకో, సూపర్‌వైజర్‌కో 'నాకు షుగర్ ఉంది, ఇట్లయితే ఇది చెయ్యి' అని ముందే చెప్పి ఉంచడం సిగ్గుపడాల్సిన పని కాదు.

పారిశ్రామికవాడలో ఇంకో రెండు విషయాలు ప్రత్యేకంగా చెప్పాలి. ఒకటి పాదాలు. షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువుంటే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. సేఫ్టీ షూ లోపల రాయి చేరినా, బొబ్బ ఎక్కినా తెలియదు. డ్యూటీ దిగగానే అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి. కిందికి వంగలేనివాళ్లు అద్దం వాడొచ్చు, లేదా ఇంట్లోవాళ్లు చూడాలి. నొప్పి లేని పుండే ప్రమాదకరం. రెండోది నొప్పి గోళీలు. నిలబడి నిలబడి నడుము పట్టేసిన మనిషి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్ కొనుక్కుని వారాలపాటు వేసుకుంటాడు. అవి బీపీని పెంచుతాయి. షుగర్, బీపీ ఉన్నవాళ్ల కిడ్నీలకు ఇంకా చేటు. బీపీ మందుతో, ఒంట్లో నీరు తీసే మాత్రతో కలిపి ఇవి వేసుకుంటే కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతినే అవకాశం ఉంది. షాపులో ఏం కొన్నా 'నాకు బీపీ ఉంది, షుగర్ ఉంది' అని చెప్పే కొనాలి. ఏడాదికోసారి మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూపించుకోవాలి. కంట్లో మందు చుక్కలు వేసి చేసే రెటీనా పరీక్ష ఏడాదికోసారి చేయించుకోవాలి, చూపు బాగుందనిపించినా సరే. చూపు మందగించేసరికి లోపల చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది.

అయ్యప్ప దీక్ష సంగతి డాక్టర్లు అడగరు, స్వాములు చెప్పరు. మండలం రోజులు తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, మధ్యాహ్నం భిక్ష, రాత్రి అల్పాహారం. పొద్దున ఏమీ తినకుండా గ్లిమెపిరైడ్ వేసుకుంటే, లేదా ఇన్సులిన్ తీసుకుంటే ఏమవుతుందో పైన చెప్పుకున్నాం. దీక్ష మానమని ఎవరూ అనక్కర్లేదు. మాల వేసుకునే ముందే డాక్టర్‌ని కలిసి మందు వేళలు మార్పించుకోవాలి. రంజాన్ ఉపవాసాలకూ అంతే, నెలా రెండు నెలల ముందే మాట్లాడాలి. ఉపవాసం మధ్యలో షుగర్ 70 కంటే పడిపోతే ఆ రోజుకు విరమించాలి. జ్వరం, వాంతులు పట్టుకున్నప్పుడు ఏ మందు కొనసాగించాలి, ఏది రెండు రోజులు ఆపాలి అన్నది ముందే రాయించుకుని ఉంచుకోవాలి. తిండి తినడం లేదు కదా అని ఇన్సులిన్ పూర్తిగా ఆపేయడం కొందరికి ప్రాణాపాయం.

తిండి గురించి సలహాలకు మనకు కరువు లేదు, ఫోను తెరిస్తే చాలు. కానీ ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. 2024లో ఆ సంస్థ 17 సూత్రాలతో ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. దేశంలోని జబ్బుల భారంలో 56.4 శాతానికి తిండి సరిగా లేకపోవడమే కారణమని అందులో అంచనా వేసింది. మన కంచానికి అన్వయిస్తే దాని సారం ఇది: కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలి, మిగతా సగంలో అన్నమో రొట్టెనో, పప్పులూ గుడ్లూ పాలూ ఉండాలి. మన ఇళ్లలో ముప్పావు కంచం అన్నమే, కూర నంజుకోవడానికి. అన్నం మానేసి రాత్రి నాలుగు చపాతీలు తింటే షుగర్ తగ్గుతుందనుకోవడం వట్టి భ్రమ, గోధుమలోనూ పిండి పదార్థమే. జొన్న రొట్టె మంచిదే, అదీ లెక్కలోకి వస్తుంది. ఉప్పు రోజుకు ఐదు గ్రాములు, అంటే ఒక చెంచా, దాటకూడదు. ఆవకాయ, అప్పడం, బేకరీ బిస్కెట్లు అన్నీ ఆ చెంచాలోంచే పోవాలి.

తార్నాకలో ఈ సంస్థ, హబ్సిగూడలో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, ఉప్పల్‌లో డీఎన్ఏ పరిశోధన కేంద్రం. ఒకే దారి పొడవునా ఇంత విజ్ఞానం కొలువై ఉంది. అదే దారిలో సిటీ బస్సులో వెళ్లే మనిషి చేతిలోని రిపోర్టు ఇంగ్లిష్‌లో ఉండి ఆయనకు అర్థం కాకుండా ఉండటం నన్ను బాధపెడుతుంది. ఫోనుకు వచ్చే రిపోర్టులో తెలుగులో రెండు వాక్యాలు చేర్చడానికి కొత్త పరిశోధనేమీ అక్కర్లేదు.

ఆ వాక్యాలు వచ్చేదాకా అడిగి తెలుసుకోవాల్సిందే. 2018లో జాతీయ మానవ హక్కుల సంఘం తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో 17 హక్కులున్నాయి. జబ్బు గురించి, మందు గురించి అర్థమయ్యే భాషలో వివరణ పొందడం, రికార్డుల నకలు తీసుకోవడం, ఇంకో డాక్టర్ అభిప్రాయం అడగడం, మందులూ పరీక్షలూ నచ్చిన చోట చేయించుకోవడం వాటిలో ఉన్నాయి. ఆస్పత్రిలో చేరినవాళ్లకు రికార్డుల నకలు 24 గంటల్లో, డిశ్చార్జి అయ్యాక అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని అందులో ఉంది. ఓపీలో ఇవన్నీ అడిగేంత సమయం దొరకదు కాబట్టి ఇంటి దగ్గరే మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లడం మంచిది. నా అంకె ఎంత, ఎంత ఉండాలి? ఈ మాత్ర దేనికి, మరిచిపోతే ఏం చేయాలి? మళ్లీ ఎప్పుడు రావాలి, ఏమైతే ముందే రావాలి? చివర్లో డాక్టర్ చెప్పింది మన మాటల్లో తిరిగి ఆయనకే చెబితే, తప్పు అర్థమైనది ఏదైనా ఉంటే అక్కడే తేలిపోతుంది. తోడుగా భార్యో, కూతురో వస్తే ఇంకా మంచిది. వంట చేసేవాళ్లకు నేరుగా వినిపిస్తే సగం గొడవలు తగ్గుతాయి.

ఇంత చెప్పాక ఒక మాట స్పష్టంగా అనాలి. భారమంతా రోగి మీదికి నెట్టేయడానికి ఈ వాదనను వాడుకోకూడదు. దవాఖానలో గోళీల స్టాకు లేకపోతే, ఓపీకి వస్తే రోజు కూలి పోతే, ఎంత చైతన్యం ఉన్నా నడవదు. అందుకే జీతం మీద బతికేవాళ్లు తమకు దక్కాల్సింది కూడా తెలుసుకోవాలి. నెలకు 21,000 రూపాయలలోపు జీతం ఉన్న కార్మికుల నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం ఈఎస్ఐకి వెళ్తుంది. పదిహేను వేల జీతానికి కార్మికుడి వంతు నెలకు 113 రూపాయల దాకా. దానికి బదులుగా డిస్పెన్సరీలో, నాచారం ఈఎస్ఐ ఆస్పత్రిలో తనకూ ఇంటిల్లిపాదికీ వైద్యం అందుతుంది. డాక్టర్ సెలవు రాస్తే ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం చేతికొస్తుంది. దీనికి ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉండాలి. 34 రకాల దీర్ఘకాలిక జబ్బులకు పొడిగింపు ఉంది. రెండేళ్లు వరుసగా చందాదారుగా ఉన్నవాళ్లకు వేతనంలో 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు వస్తుంది. షుగర్ వల్ల పాదం, కిడ్నీ, రెటీనా దెబ్బతినడం ఆ జాబితాలో ఉంది. కాంట్రాక్టర్ కింద పనిచేసేవాళ్లు తమ ఇన్సూరెన్స్ నంబరు తెలుసుకుని, ప్రతి నెలా చందా జమ అవుతోందో లేదో ఆరోగ్యంగా ఉన్నప్పుడే చూసుకోవాలి. జీతంలో కోత పడి, ఈఎస్ఐ ఖాతాలో జమ కాకపోతే ఈఎస్ఐ కార్పొరేషన్ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. ఆ ఫిర్యాదు నకలును కూడా బీపీ అంకెలు రాసుకునే నోటుబుక్కులోనే పెట్టుకోండి.